పెండ్లి దావత్‌ల తాగినోళ్లను బండ్ల మీద ఇంటికి పోకుంట ఎట్ల ఆపాలె?

పరకాల_పెద్దోడు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. వచ్చే నెల మా తమ్ముని పెండ్లి, పిల్లది జమ్మికుంట దిక్కు. పొద్దుగాల అక్కడ పెండ్లి అయిపోతది, రాత్రికి మా ఊర్ల బరాత్, తెల్లారి మా ఇంటికాడ దావత్. బాపు లేడు, పెద్దోన్ని కాబట్టి అన్ని నేనే చూస్కోవాలె. టెంటు, వంటోళ్లు, మటన్ అన్ని మాట్లాడిన, వాటి గురించి ఫికర్ లేదు. నా ఫికర్ అంత ఒక్కటే, తాగినంక చుట్టాలు ఇండ్లకు ఎట్ల పోతరు అని.

ఎందుకు అడుగుతున్న అంటే, రెండేండ్ల కింద మా అక్క బిడ్డ తొట్టెల దావత్ మా ఇంటికాడనే అయింది. మా పెద్దనాయిన కొడుకు, నాకంటె మూడేండ్లు పెద్ద, రెండు బీర్లు తాగిండు. తూలలే, మాట మంచిగనే ఉన్నది, పిల్లలను ఎత్తుకొని ఆడిపిచ్చుకుంట కూసున్నడు. టెంటు కాడ జాగ కోసం బండ్లు జరిపినప్పుడు ఆయన బండి తాళం చెయ్యి నా జేబుల ఉండిపోయింది. రాత్రి పది గంటలకు వచ్చి "తమ్మీ నా తాళం ఏది" అన్నడు, తీసి ఇచ్చిన. పైలంగ పో అన్నా అని కూడ చెప్పిన. వాళ్ల ఊరు పన్నెండు కిలోమీటర్లు. సగం దారిల వడ్ల ట్రాక్టర్ పంచరై రోడ్డు మీదనే ఆగి ఉన్నది, ఎనక లైటు లేదు, పోయి ట్రాలీకి కొట్టుకున్నడు. అక్కడికక్కడనే పానం పోయింది. రోడ్డు మీద బ్రేక్ కొట్టిన గుర్తు కూడ లేదన్నరు.

మా వదినె ఇప్పటిదాక నన్ను ఒక్క మాట అనలే. గా తాళం చెయ్యి ఇచ్చిన చెయ్యి మాత్రం నాదే.

మందు లేకుంట దావత్ చేద్దామంటె చిన్నాయనలు, మామలు అలుగుతరు, మీ బాపు ఉంటె గిట్ల చేస్తుండెనా అంటరు. మనం పెట్టకపోయినా ఊర్ల బెల్ట్ షాపు ఉండనే ఉన్నది, అక్కడ తాగి వచ్చి కూసుంటరు. కాబట్టి నా ప్రశ్న తాగుడు ఆపుడు గురించి కాదు, తాగినోళ్లను బండి ఎక్కకుంట చేసుడు గురించి. తాళాలు గుంజుకుంటె లొల్లి అయితది. మీ ఊర్లల్ల ఎవరన్న ఏదన్న చేసి ఫాయిదా అయిందా? తాగినంక ఎన్ని గంటలకు నడపొచ్చు? కల్లు అయితె ఏం కాదు అంటరు గది నిజమేనా? తెలిసినోళ్లు జర చెప్పున్రి.


నైట్_డ్యూటీ_సిస్టర్:

అన్నా, మీ అన్న సంగతి చదివి మనసు పాడైంది. నేను హన్మకొండల ఒక హాస్పిటల్ ఎమర్జెన్సీల తొమ్మిదేండ్ల సంది చేస్తున్న. పెండ్లిల సీజన్ మొదలైతె రాత్రి పది దాటినంక వచ్చే కేసులు మాకు ముందే తెలుస్తయ్, కొత్త డ్రెస్సుల మీద ఇంకా పసుపు మరకలు, అక్షింతలు ఉంటయ్.

మీరు అడగని ఒక మాట చెప్త, ఇది ఎవ్వరికీ తెలుస్తలేదు. తాగినోడు బండి మీద నుంచి పడ్డడు అనుకోండి, నెత్తికి పెద్ద దెబ్బ కనపడలే, లేపి కూసోబెడితె మాట్లాడిండు, మళ్ల పండుకున్నడు. చుట్టాలు ఏమంటరు, "తాగింది దిగలే, పొద్దుగాల లేస్తడు పండనియ్యిన్రి" అంటరు. తీస్కపోయి మంచంల పండవెడతరు. లోపల పుర్రె కింద నెత్తురు గడ్డ కడుతుంటది, మొదలు రెండు మూడు గంటలు మనిషి మంచిగనే ఉన్నట్టు కనపడుతడు, తర్వాత గురక మొదలైతది, ఆ గురక నిద్ర గురక కాదు. తాగనోడైతె మత్తుగ ఉన్నడని ఇంట్లోళ్లు భయపడి వెంటనే తెస్తరు, తాగినోడైతె మందు మత్తు అనుకొని ఆపుతరు, గా ఆపుడులనే ప్రాణం పోతది. తెల్లారి ఐదు గంటలకు ఆటోల తెచ్చినోళ్లను చూసిన, అప్పటికే ఒక కంటి పాప పెద్దగై వెలుతురుకు కదులుతలేదు. డాక్టర్లకు కూడ కష్టమే, మాట తడబడుతుంది అంటె మందు వల్లనా దెబ్బ వల్లనా స్కాన్ తియ్యందే తెల్వదు, కడుపు నిండ మందు, మటన్ ఉంటె వాంతి ఊపిరితిత్తులల్లకు పోయే భయం, ఆపరేషన్‌కు మత్తు ఇయ్యాలన్నా రిస్కే.

కాబట్టి దావత్ రోజు మీరు, ఇంకో ఇద్దరు తాగనోళ్లు గుర్తు పెట్టుకోండి. తాగి పడ్డ మనిషి నెత్తికి ఏ చిన్న దెబ్బ తగిలినా 108కి ఫోన్ చెయ్యాలె. మెడ తిప్పొద్దు, నీళ్లు తాగిపియ్యొద్దు, నిమ్మకాయ పిండొద్దు, పండవెట్టి వదిలి పోవద్దు. రోడ్డు మీద పడ్డోన్ని తీస్కపోతె మనకు కేసు చుట్టుకుంటది అని భయపడేటోళ్లు ఇంకా ఉన్నరు, అట్ల లేదు, సాయం చేసినోళ్లను కాపాడే సెక్షన్ 2019ల మోటారు వాహనాల చట్టంలకే వచ్చింది, పేరు చెప్పుడు కూడ వాళ్ల ఇష్టమే.


డీసీఎం_డ్రైవర్_ఎల్కతుర్తి:

అన్న నేను కరీంనగర్ వరంగల్ రోడ్డు మీద రాత్రి పూట డీసీఎం నడుపుత. ఎదురుంగ వచ్చే బండి మీద ఉన్నోడు తాగిండా లేదా దూరం నుంచే మాకు తెలుస్తది. తాగనోడు మన లైటు పడంగనే ఎడమకు జరుగుతడు. తాగినోడు లైటు దిక్కే వస్తడు. కావాలని కాదు, కండ్లల్ల లైటు కొడితె మామూలు మనిషికి కొంచెం సేపట్లనే చూపు సర్దుకుంటది, తాగినోనికి సర్దుకోదు, గా కొంచెం సేపు గుడ్డిగనే తోల్తడు. మీ అన్నకు బ్రేక్ గుర్తు లేదన్నరు చూడు, గది గందుకే, ఆయనకు ట్రాలీ కనపడనే లేదు. ఆయన నడిపిండు, ట్రాక్టరోడు లైటు పెట్టలే, రెండు కలిసినయ్. మన దిక్కు వానకాలం పంట కోతలు అయితున్నప్పుడు రోడ్డు సగం మీద వడ్లు, మక్కలు ఆరబోస్తరు, సుట్టు రాళ్లు పెడ్తరు, పరదాలు కప్పుతరు, నల్ల పరద రాత్రి పూట తాగనోనికే కనపడది. పెండ్లిలు గూడ గప్పుడే.

60 స్పీడుల బండి సెకనుకు పదహారు పదిహేడు మీటర్లు పోతది. బ్రేక్ మీద కాలు పడేది అర సెకను లేట్ అయితె ఎనిమిది మీటర్లు అదనం, అంటె రెండు ట్రాక్టర్ ట్రాలీల పొడుగు. నేను కూడ మునుపు తాగి నడిపిన, దాయను. మడికొండ దాటినంక ఒక బర్రె అడ్డం వచ్చింది, తప్పిచ్చిన అనుకున్న, క్లీనర్ పిల్లగాడు ఏడుస్తున్నడు, ఎందుకురా అంటె "అన్నా బర్రె పక్కన ముసలాయన ఉండె" అన్నడు. నాకు ముసలాయన కనపడలే. దిగి చూస్తె ఆయన కాలువల పడి లేస్తున్నడు, ఏం కాలే. గా రోజు నుంచి బండి ఎక్కే రోజు ముట్టలే, ఏడేండ్లైంది.

ఇంకోటి, బరాత్ బండి. డీజే పెట్టిన డీసీఎం గాని ట్రాక్టర్ గాని, డ్రైవర్‌కు మర్యాద అని మనమే క్వార్టర్ ఇస్తం, ముందర పిల్లలు, ఆడోళ్లు ఎగురుతుంటరు, ఆయన క్లచ్ మీద కాలు పెట్టి అంగుళం అంగుళం జరపాలె రెండు గంటలు. కాలు జారితె ఎవరి మీదికి పోతది? డ్రైవర్‌కు పైసలు ఇంకో ఐదొందలు ఎక్కువ ఇయ్యి గాని మందు ఇయ్యకు, మాట్లాడేటప్పుడే చెప్పు. పెండ్లికొడుకును కారు నడపనియ్యకు, దోస్తులు బలవంతంగ తాగిపిస్తరు.


కాక_కాజీపేట:

నా మాట మీకు నచ్చకపోవచ్చు గాని ఉన్నది చెప్త. నేను ఇరవై ఏండ్ల సంది తాగి బండి నడుపుతున్న, రోజు రాత్రి హాఫ్ వేస్త, పర్మిట్ రూముల నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు నలభైల పోత, ఇప్పటిదాక గీత పడలే. సచ్చేది స్పీడుకు, తాగుడుకు కాదు. పిల్లగాండ్లు ముగ్గురు ముగ్గురు ఎక్కి నూరుల పోయి పడుతున్రు, పేరు మందుకు వస్తుంది. అలవాటు ఉన్నోడు, లేనోడు ఒక్కటేనా? లిమిట్ తెలిసి తాగేటోన్ని కూడ దొంగను చూసినట్టు చూస్తె ఎట్ల.


సైన్స్_సార్_హుజూరాబాద్:

కాక, మీరు నిజాయితీగ చెప్పిన్రు, నేను కూడ లెక్క తోనే చెప్త, కోపం చేసుకోవద్దు. పదో తరగతి పిల్లలకు చెప్పే లెక్కనే ఇది.

చట్టం ప్రకారం 100 ఎంఎల్ రక్తంల 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటొద్దు. విస్కీ 42.8 శాతం ఉంటది, 60 ఎంఎల్ పెగ్గుల దగ్గర దగ్గర 20 గ్రాముల ఆల్కహాల్. 65 కిలోల మనిషి గది తొందరగ తాగితె రక్తంల 40, 45 దాక పోతది. అంటె ఒక్క పెద్ద పెగ్గుకే లిమిట్ దాటొచ్చు. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు 8 శాతం దాక ఉంటది, అందుల 40 గ్రాములు, రెండు పెద్ద పెగ్గులు అన్నట్టు. బీరే కదా అంటరు మనోళ్లు. పరకాల అన్న వాళ్ల అన్న తాగిన రెండు సీసలు స్ట్రాంగ్ అయి ఉంటె, గవి నాలుగు పెద్ద పెగ్గులు.

ఎక్కింది దిగుడు కాలేయం చేతిల పని, గంటకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు దించుతది, అంతే. చాయ్, నిమ్మకాయ, మజ్జిగ, సల్లనీళ్ల స్నానం, వాంతి చేసుకునుడు, వీటితోని నిద్రమబ్బు పోతదేమో గాని రక్తంల ఉన్నది గంటకు అంతే దిగుతది. పాన్, సోంపు నమిలితె వాసన పోతది, మెషిన్ ఊపిరితిత్తుల గాలిని కొలుస్తది కాబట్టి ఫాయిదా లేదు. పరకాల అన్న అడిగిన దానికి ఇదే జవాబు, క్వార్టర్, అంటె 180 ఎంఎల్, తాగితె 130 పైననే ఎక్కుతది, పూర్తిగ దిగాలంటె ఏడు నుంచి తొమ్మిది గంటలు. రాత్రి దావత్ తాగినోడు పొద్దుగాల ఆరింటికి లేచి మొఖం కడుక్కొని బండి తీస్తె కూడ తాగి నడిపినట్టే.

ఇప్పుడు మీది కాక. హాఫ్ అంటె 375 ఎంఎల్, దగ్గర దగ్గర 125 గ్రాముల ఆల్కహాల్. ఒక్కపాలి లెక్కేస్తె 280 దాక పోతది, మీరు నిదానంగ తాగుతరు కాబట్టి కొంచెం తక్కువ పెట్టుకుందాం, రోజూ తాగే వాళ్లకు కొంచెం తొందరగ దిగుతది, గది కూడ తీసేద్దాం. అయినా రాత్రి పదకొండుకు ఆపితె తెల్లారి ఎనిమిదింటికి మీ రక్తంల 30 కంటె ఎక్కువనే ఉండే అవకాశం మస్తు ఉన్నది. అలవాటు ఉన్నోడు తూలడు, నిజమే. తూలుడు అలవాటైతది గాని అర సెకను లేటు అయ్యుడు, పక్క నుంచి వచ్చేది కనపడకపోవుడు అలవాటు కాదు. పైగ మందు మొదలు పట్టేది కాళ్లను కాదు, అంచనాను. "నాకేం కాలే, మంచిగనే ఉన్న" అనే ఆ మాటనే మందు అనిపిస్తది, అందుకే తాగినోన్ని నడపగలవా అని అడిగి లాభం లేదు.

కల్లు సంగతి. పొద్దుగాల దించింది తియ్యగ ఉంటది, పొద్దు ఎక్కినకొద్ది పులుస్తది, ఆల్కహాల్ పెరుగుతది, పొద్దుమూకి తాగే కల్లు బీరుతోని సమానం పెట్టుకోవాలె, పైగ సీసల లెక్క ఉండదు, లొట్టిల లెక్క. చెట్టు కింద తాగే అసలు కల్లు ఇట్ల, దుకాణం కల్లు ఇంకా భయం. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు మన తెలంగాణల ఎక్సైజోళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నరు. అవి నిద్ర మందులు. అల్ప్రాజోలం, ఆల్కహాల్ కలిస్తె ఒకటికి ఒకటి బలం ఇచ్చుకుంటయ్, బండి మీదనే కన్ను మూతపడుతది, ఊదే మెషిన్ల గది కనపడనే కనపడది.


సుబేదారి_బాధితుడు:

నేను తాగి నడుపుతుంటె పోలీసోళ్లకు దొరికిన. గది కూడ ఒక తొట్టెల దావత్ నుంచే, రాత్రి పదకొండున్నరకు, ఊదితె 87 వచ్చింది. బండి అక్కడనే పెట్టుకున్నరు, కౌన్సెలింగ్‌కు ఇంట్లోళ్లను తీస్కరమ్మన్నరు, మా ఆవిడకు జ్వరం ఉండె, ఇంటర్ చదివే మా బిడ్డ వచ్చింది. ఆమె పక్కన కూసోని వీడియో చూపిచ్చిన్రు, యాక్సిడెంట్ల వీడియో. ఆమె నా చెయ్యి పట్టుకొని చూసింది అంత సేపు. తర్వాత కోర్టుల కట్టిన ఫైన్ నాకు గుర్తు కూడ లేదు, గా చెయ్యి గుర్తున్నది.

చట్టం చెప్పాలంటె మోటారు వాహనాల చట్టంల 185 సెక్షన్, మొదటిసారి ఆరు నెలల దాక జైలు గాని 10,000 ఫైన్ గాని రెండూ గాని, రెండోసారి రెండేండ్ల దాక, 15,000. లైసెన్స్ కూడ సస్పెండ్ చెయ్యొచ్చు. దావత్ పెట్టేటోళ్లు తెలుసుకోవాల్సింది 188, తాగినోన్ని "ఏం కాదు పో" అని ఎక్కిపిచ్చినోనికి కూడ అదే శిక్ష పడొచ్చు. ఇన్సూరెన్స్ సంగతి అడగకున్రి, తాగి నడిపితె సొంత బండి డామేజ్ క్లెయిమ్ రాదు, ఎదుటోనికి కంపెనీ కట్టినా మళ్ల మన దగ్గర వసూలు చేసుకోవచ్చు, పొలం అమ్మాలె. ఎదుటి మనిషి చనిపోతె కొత్త న్యాయ సంహితల 106 కింద ఐదేండ్ల దాక, 105 పెడితె ఇంకా పెద్దది.


నర్సంపేట_అమ్మ:

బిడ్డా నాకు టైపు సరిగ రాదు మా మనవడు చెప్తె కొడుతున్నడు. మా ఆయన పోయి ఆరేండ్లు, ఇట్లనే, పెద్ద దినం కాడ తాగి వస్తుంటె. ఒక్కడే పోతె ఒక తీరు ఎనక మా తోటికోడలు కొడుకు కూసున్నడు పద్నాలుగేండ్లోడు, వాడు బతికిండు గాని కాలు లేదు. ఎనక కూసున్నోడు తాగలే.

నీకు ఉపాయం చెప్త. రాత్రి దావత్ పెట్టకు. పగటి పూట పదకొండుకు మొదలు పెట్టి మూడింటికి బంతులు లేపు. ముందు అన్నం పెట్టు, తర్వాత మందు, ఖాళీ కడుపుల తాగనియ్యకు. మా సంఘం ఆడోళ్లం మా బిడ్డ పెండ్లిల ఏం చేసినమంటె, బండ్లు వాకిట్ల పెట్టనియ్యలే, ఊరి బయట బడి గ్రౌండుల పెట్టిపిచ్చినం, తాళాలు వచ్చేటప్పుడే తీస్కున్నం. తాగినంక అడిగితె లొల్లి, తాగక ముందు అడిగితె ఇస్తరు. పేరు రాసిన చీటి కట్టి గంపల వేసినం. ఇచ్చేటప్పుడు మొగోళ్లు నిలబడితె మొగోళ్లకు భయపడరు, ముసలోళ్లం మేం ముగ్గురం కూసున్నం. "అవ్వా తాళం ఇయ్యి" అంటె "పండుకొని పో కొడుకా" అన్నం. పెద్దోళ్ల మీదికి చెయ్యి లేపలేరు కదా.

తాళం నువ్వు ఇచ్చినవని బాధ పడుతున్నవ్. మా ఆయనకు అన్నం కట్టి పంపింది నేనే బిడ్డా.


కాక_కాజీపేట:

సైన్స్ సారు, మా మనవరాలిని రోజు ఎనిమిదింటికి బండి మీద స్కూలుకు దింపేది నేనే. ముందు నిలబెట్టుకుంట. మీ లెక్క రెండు సార్లు వేసి చూసిన. రేపటి నుంచి మా కోడలు దింపుతది, నేను చెప్పిన ఆమెకు, ఎందుకో కూడ చెప్పిన.


పరకాల_పెద్దోడు:

అందరికీ దండాలు. రెండు రోజులు జవాబు ఇయ్యలే, ఇంట్ల మాట్లాడుతున్నం. అమ్మా, మీ మాట మా అవ్వకు చదివి వినిపిచ్చిన, అవ్వ, మా మేనత్త, ఇంకో ముసలామె తాళాల కాడ కూసుంటం అన్నరు. వదినెను అడగాల్నా వద్దా అనుకుంట పోయిన, ఆమెనే "గంప నా దగ్గర పెట్టు" అన్నది. గంతకంటె ఇంకేం అనలే, నేను కూడ అడగలే.

దావత్ పగటి పూట పెడుతున్నం, కార్డుల మీద పదకొండు గంటలకు అని కొట్టిపిస్తున్న. రాత్రి బరాత్ తొమ్మిదిన్నరకు బంద్, డీజే ఆయనకు ముందే చెప్పిన, డ్రైవర్ తాగడు, ఐదొందలు ఎక్కువ ఒప్పుకున్నడు. బరాత్ రాత్రి ఆగేటోళ్లకు టెంటు హౌసుల ముప్పై పరుపులు, దుప్పట్లు చెప్పిన, చలి కాలం కాబట్టి రగ్గులు కూడ. పొద్దుగాల పది దాక ఎవ్వరి తాళం ఇయ్యొద్దని సారు లెక్క ప్రకారం చెప్పిన, టిఫిన్ ఉంటది కాబట్టి కూసుంటరు. మా ఊరి రోడ్డు మీద వడ్లు ఆరబోసిన కాడ, ట్రాలీలు ఆగే కాడ రెండు రోజులు రేడియం స్టిక్కర్లు కట్టిన కట్టెలు పాతుదామని దోస్తులు అన్నరు, రేపు హన్మకొండ పోయి స్టిక్కర్ రోల్ తెస్త.

ఒక్కటి మిగిలింది. జమ్మికుంట దిక్కు పోయే పిల్ల తరపు వాళ్లు నలభై మంది దాక ఉంటరు, వాళ్లను దావత్ రోజు మూడింటికి దింపి రానీకి తుఫాన్ బండ్లు మూడు కావాలె, నడిపేటోడు తాగనోడు కావాలె. గుడెప్పాడ్, ఆత్మకూర్ దిక్కు నమ్మకమైన డ్రైవర్ ఎవరన్న తెలిసి ఉంటె మెసేజ్ పెట్టున్రి.